ఓడ దిగి ఉర్లగడ్డల చేనికి

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి బోస్టన్ నుంచి ఫోన్ చేసి, "నాయనా, ఈసారి నువ్వూ అమ్మా వస్తే సెప్టెంబరులో ఓడెక్కుదాం. ఏడు రాత్రులు, కెనడా దాకా" అంది. ఓడ ఎక్కడెక్కడ ఆగుతుందో వాట్సాప్‌లో పంపింది. హాలిఫాక్స్, సిడ్నీ, షార్లెట్‌టౌన్, చివరికి క్యూబెక్. ఏ ఊరి పేరు విన్నా అక్కడ ఏం పండుతుందని అడగడం మా ఇంట్లో అలవాటు. మనవరాలు ఒక్కొక్క ఊరే వెతికి చెబుతూ వచ్చింది. షార్లెట్‌టౌన్ దగ్గర ఆగి, "తాతా, ఇది దీవి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్. ఇక్కడంతా ఉర్లగడ్డలేనంట, అదే, బంగాళాదుంపలు. మట్టి చూడు, మన చేను మాదిరే ఉంది" అని ఒక ఫోటో పంపింది.

ఆ ఫోటోని చాలాసేపు చూశాను. దున్నిన చేను, సాళ్ళు తీరుగా ఉన్నాయి. మట్టి కుంకుమ రంగు. చేను అంచున పచ్చగడ్డి, ఆ వెనకనే సముద్రం. పలమనేరు దగ్గర నలభై ఏళ్లుగా నేను దున్నుతున్నది అదే రంగు మట్టి. వేస్తున్నది టమాటా, ఉర్లగడ్డ, కొంచెం చెనక్కాయ. సముద్రం పక్కన ఆ మట్టిని నేనెప్పుడూ చూడలేదు. వస్తామని ఆ పూటే చెప్పేశాను.

ముందు వీసా సంగతి రాయాలి, ఎందుకంటే మాకు అక్కడే ఎక్కువ కష్టమైంది. అమెరికా వీసా మా ఇద్దరికీ ఉంది, పదేళ్లది, ఎన్నిసార్లయినా వెళ్లిరావచ్చు. తిరుపతిలో ఒక ట్రావెల్స్ వాళ్లను అడిగితే, "ఓడలోనే కదా ఉండేది, కెనడా వీసా ఎందుకు?" అన్నారు. అమ్మాయి ఓడ కంపెనీ పంపిన కాగితాలన్నీ చదివి, అది తప్పని చెప్పింది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కెనడా రేవుల్లో దిగాలంటే కెనడా విజిటర్ వీసా విడిగా కావాలి. అది లేకుంటే బోస్టన్ రేవులోనే ఆపేస్తారు, కట్టిన డబ్బు కూడా పోతుంది. ట్రావెల్స్ వాళ్ల మాట నమ్మి ఊరుకునుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఓడ అమెరికా దాటి బయటికి పోతుంది కాబట్టి, ఒక్కసారికే పనికొచ్చే అమెరికా వీసా అయితే తిరిగి రావడం కుదురుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

దరఖాస్తు అంతా ఆన్‌లైన్. మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. ఉద్యోగస్తులకు జీతం స్లిప్పులుంటాయి, రైతుకేముంటాయి? పట్టాదారు పాసు పుస్తకాన్ని ఇంగ్లీషులోకి రాయించి నోటరీ చేయించాం. బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టాం. మదనపల్లె మండీలో టమాటా అమ్మినప్పుడు ఇచ్చిన పట్టీలు మూడేళ్లవి దాచి ఉంటే అవీ స్కాన్ చేసి పెట్టాం. ఈ మనుషులకు ఇక్కడ భూమి ఉంది, పంట ఉంది, తప్పకుండా తిరిగొస్తారు అని వాళ్లకు నమ్మకం కుదరాలి. అంతే కావలసింది. వేలిముద్రలకు తెల్లవారుజామున బస్సెక్కి చెన్నై పోయి సాయంత్రానికి ఇల్లు చేరాం. ఆ వేలిముద్రలు పదేళ్లు పనికొస్తాయి. కొన్ని వారాలకు వీసా వచ్చింది. మా ఆవిడ పాస్‌పోర్టులు తీసుకెళ్లి బోయకొండ గంగమ్మ పటం ముందు పెట్టింది.

ఓడ ఎక్కడం మాత్రం సులువు. సామాను బయటే తీసుకున్నారు. పాస్‌పోర్టు, వీసా చూశారు. ఫోటో తీసి ఒక కార్డు ఇచ్చారు. గది తలుపుకు అదే తాళంచెవి, ఓడ దిగాలన్నా ఎక్కాలన్నా అదే. దాన్ని పోగొట్టుకోకుండా మా ఆవిడ పసుపు తాడు కట్టి మెళ్ళో వేసుకుంది. ఓడ కదిలే ముందు అందరికీ ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో చూపించారు. 1912లో టైటానిక్ మునిగిన తర్వాత వచ్చిన పద్ధతులివి. రెండు రోజుల తర్వాత హాలిఫాక్స్‌లో దిగినప్పుడు ఆ ఓడలో చనిపోయిన 121 మందిని పూడ్చిన శ్మశానం చూశాం. కొన్ని రాళ్ల మీద పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. అక్కడ మా ఆవిడ చెప్పులు విప్పి నిలబడింది.

మొదటి రాత్రి ఓడ బాగా ఊగింది. మా ఆవిడకు తల తిరిగింది. ఓడలో పనిచేసే గోవా అబ్బాయి పచ్చ ఆపిల్ ముక్కలు, అల్లం టీ తెచ్చిచ్చి, "అమ్మా, పడుకోకుండా దూరంగా నీళ్ల అంచు చూడండి" అన్నాడు. అట్లా చూస్తే నిజంగానే తగ్గింది. సిడ్నీలో రేవు పక్కనే అరవై అడుగుల ఫిడేలు బొమ్మ పెట్టారు. మనవరాలికి అది బాగా నచ్చింది. నా మనసంతా మర్నాటి మీదే ఉంది.

షార్లెట్‌టౌన్ చేరిన రోజు పొద్దు పొడవగానే పైకి పోయి నిలబడ్డాను. చలి, కానీ ఎండ కాస్తోంది. ఓడ నెమ్మదిగా లోపలికి పోతోంది. రెండు పక్కలా నేల. కొండ లేదు, గుట్ట లేదు. నీళ్ల అంచున ఎర్రటి గీత, దాని మీద పచ్చటి దుప్పటి పరిచినట్టు గడ్డి, ఆ వెనక చెట్లు. కొన్ని చెట్ల ఆకులు అప్పుడే పండుబారుతున్నాయి. మా ఆవిడ వచ్చి పక్కన నిలబడి, "మన చెరువుకట్ట తెగిన చోట ఇట్లాగే కనబడుతుంది కదండీ" అంది. ఆమె చెప్పినట్టే ఉంది. కట్ట కోసినప్పుడు లోపల కనబడే మట్టి అదే.

ఓడ దిగితే రేవులోనే ఊరు. ఊళ్లోవాళ్లే పాతకాలపు బట్టలు వేసుకుని ఎదురొచ్చారు. మ్యాపు చేతిలో పెట్టి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. ఒక పెద్దామె మా ఆవిడ చీర కొంగు పట్టుకుని అంచు చూసి, "చేత్తో నేసిందా?" అని అడిగింది. వెంకటగిరి చీర అది. చేత్తో నేసిందే అంటే, ఇంకొకామెను పిలిచి చూపించింది. ఇద్దరూ ఆ అంచు గురించి పదినిమిషాలు మాట్లాడారు. అల్లుడికి సెలవు దొరక్క రాలేదు కాబట్టి మేం నలుగురమే. రేవు బయట టాక్సీలుంటే నాలుగు గంటలకు మాట్లాడుకున్నాం. ఓడ వాళ్లు ఏర్పాటు చేసే బస్సులూ ఉన్నాయి, కానీ వాటిలో మనకు నచ్చినచోట ఆగడానికి ఉండదు. నేను ఆగాలనుకున్నది చేల దగ్గర.

టాక్సీ నడిపేది అరవై ఏళ్ల ఆడమనిషి. నేను రైతునని అమ్మాయి చెప్పగానే వెనక్కి తిరిగి, "మా నాన్నా ఉర్లగడ్డల రైతే" అంది. ఆ క్షణం నుంచి ఆమె మాకు చుట్టమైపోయింది. ముందు ఊళ్లో ఒక చుట్టు తిప్పింది. చెక్క ఇళ్లు, రంగురంగుల తలుపులు, గుమ్మానికి గుమ్మడికాయలు. 1864 సెప్టెంబరులో ఈ ఊళ్లోనే పెద్దలందరూ కూర్చుని కెనడా అనే దేశం గురించి మొదటిసారి మాట్లాడుకున్నారట. వాళ్లు ఓడలో వచ్చిన రోజున ఊళ్లో సర్కస్ ఆడుతోంది. జనమంతా అటే పోయారు. వచ్చిన పెద్దలను పలకరించడానికి ఒక్కాయన చిన్న పడవ వేసుకుని ఎదురెళ్లాడట. హోటళ్లలో చోటు లేక ఆ పెద్దల్లో చాలామంది ఓడలోనే పడుకున్నారని ఆమె చెప్పింది. అంతా చేసి, ఆ దేశంలో ఈ దీవి కలిసింది మాత్రం 1873లో. "మాకు తొందర లేదు" అంది.

ఊరు దాటాక చేలు మొదలయ్యాయి. అక్కడ నాకు మాట రాలేదు. రోడ్డుకు రెండు పక్కలా పచ్చిక, దాని మధ్య ఎర్రటి చేలు, మళ్లీ పచ్చిక, మళ్లీ ఎరుపు. ఒక చేలో గడ్డలు తవ్వుతున్నారు. పక్క చేలో ఏదో గడ్డి పైరు పచ్చగా లేచి ఉంది. ఆ గడ్డి ఎందుకని అడిగాను. ఒక చేలో మూడేళ్లలో ఒక్కసారే ఉర్లగడ్డ వేయాలట. అది అక్కడ చట్టం. మధ్యలో గడ్డి, బార్లీ లాంటివి వేసి నేలకు ఊపిరినిస్తారు. మా వైపు టమాటా వెనక టమాటా వేసి, నేల చచ్చిందని మందు పోసి, మళ్లీ టమాటా వేస్తాం. ఆ మాట నేను ఆమెతో అనలేదు.

దారిలో ఆమె ఇంకో కథ చెప్పింది. అది విన్నాక ఆ దీవి నాకు ఇంకా దగ్గరైంది. బ్రిటిష్ వాళ్లు ఈ దీవిని కొలిచి 67 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క సుమారు ఇరవై వేల ఎకరాలు. 1767లో లండన్‌లో కూర్చుని, ఒక్క రోజులో, చీటీలు తీసి తమకు కావలసినవాళ్లకు పంచేశారు. ఆ యజమానుల్లో చాలామంది ఈ నేల మీద కాలు కూడా పెట్టలేదు. అడవి కొట్టి, మొద్దులు పెకలించి, చేను చేసినవాళ్లు వందేళ్లకు పైగా కౌలు కడుతూనే ఉన్నారు. 1875లో చట్టం చేసి, యజమానుల దగ్గర భూమి కొని, దున్నేవాళ్లకిచ్చారు. మా తాత పుంగనూరు జమీను కింద కౌలుకు చేసినవాడు. 1948లో మద్రాసు వాళ్లు జమీందారీ రద్దు చట్టం తెచ్చాక ఆ భూమి ఆయన పేరు మీదికొచ్చింది. ఆ పట్టా కాగితం మా నాయన చనిపోయేదాకా ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉండేది. అమ్మాయి ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె కారు నెమ్మది చేసి వింది. వాళ్ల ముత్తాత కాగితం కూడా ఇంట్లో పటం కట్టించి ఉందంది.

ఒక మలుపులో మన చలివేంద్రమంత చెక్క గుడిసె కనబడింది. ఆమె కారాపింది. గుడిసెలో మనిషి లేడు. ఒక అరుగు, దాని మీద కాగితం సంచుల్లో ఉర్లగడ్డలు వరసగా పెట్టి ఉన్నాయి. మట్టి ఇంకా తడిగానే ఉంది. అట్ట మీద చేత్తో రాసిన ధర. పక్కన చీలిక పెట్టిన ఒక రేకు డబ్బా. "ఎవరూ లేరే, డబ్బులెవరికియ్యాల?" అంది మా ఆవిడ. డబ్బాలో వేసి సంచి తీసుకోవడమేనట. ఈ దీవిలో ఎన్నో చోట్ల ఇట్లాగే అమ్ముతారట. మా ఆవిడ కాసేపు ఆ డబ్బాని చూసింది. తర్వాత నోట్లు నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో లోపలికి వేసింది, గుడి హుండీలో వేసినట్టు. ఓడలోకి కూరగాయలు తీసుకుపోనివ్వరు కాబట్టి ఆ సంచిని టాక్సీ ఆమెకే ఇచ్చింది.

మేం అక్కడ ఉండగానే ఆ చేను రైతు బండిలో వచ్చాడు. చీర కట్టిన మనిషిని దూరం నుంచి చూసి ఏమైనా దారి తప్పారేమోనని వచ్చాడట. యాభై ఏళ్లుంటాయి. చేతులు చూస్తేనే రైతని తెలుస్తుంది, గోళ్ల చుట్టూ ఎర్రగా పట్టేసి ఉంది. నేను ఫోన్‌లో మా చేను ఫోటో చూపించాను. దీవిలో ఏ మూలదని అడిగాడు. వెనకున్న గుట్టలు చూపించాక గానీ అది ఇండియా అని నమ్మలేదు. వాళ్ల దీవిలో అట్లాంటి రాతిగుట్టలు లేవు.

చేలోకి దిగుదామని ఒక అడుగు వేశాను. ఆయన మెల్లగా చెయ్యి అడ్డం పెట్టి, గట్టు మీదే ఉండమన్నాడు. గడ్డ మీద కాలీఫ్లవర్ మాదిరి బుడిపెలు లేచే తెగులు ఒకటి 2000లో ఈ దీవిలో బయటపడింది. మనిషికి ఏమీ కాదు, కానీ మట్టిలో పడితే దశాబ్దాలు బతుకుతుంది. చెప్పుకంటిన మట్టితో కూడా ఇంకో చేనికి పోతుంది. దాని వల్లే 2021 నవంబరులో అమెరికాకు ఉర్లగడ్డలు పంపడం ఆగిపోయింది. ఆ చలికాలం పండిన పంటని మంచులో పారబోసి తొక్కించారు. అది చెప్పేటప్పుడు ఆయన మా మొహాలు చూడలేదు, చేను వైపు చూశాడు. టమాటా ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాక మేం రోడ్డు పక్కన పారబోసిన రోజులు నాకు కళ్లముందు కనబడ్డాయి. అమ్మాయిని చెప్పమన్నాను. ఆమె చెప్పింది. ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఆయన భాష రాదు, ఆయనకు నాది రాదు.

చేలో యంత్రం గడ్డలు ఎత్తుతోంది. సాలు కింది నుంచి మట్టితో సహా పైకి లేపి, జల్లించి, పక్కన నడుస్తున్న లారీలో పోస్తుంది. మా దగ్గర ట్రాక్టరు కర్రు వేసి తిప్పాక, పదిహేను ఇరవైమంది ఆడవాళ్లు వంగి ఏరితే ఎకరా అవుతుంది. వాళ్లకు ఏడాదికి ఒక్కటే పంట. మే నెలలో నాటి, సెప్టెంబరు, అక్టోబరుల్లో, నేల గడ్డకట్టక ముందే తీసేయాలి. తీసినవి చల్లటి గిడ్డంగుల్లో పెడితే మళ్లీ ఎండాకాలం దాకా నిలుస్తాయి. మాకు తొంభై, నూరు రోజుల పంట. గిడ్డంగి లేక తవ్వినవి ఎక్కువ రోజులు నిలవవు, కాబట్టి మండీ వాళ్లు చెప్పిందే ధర. రెండు దేశాల రైతుల మధ్య అసలు తేడా ఆ గిడ్డంగి గోడలోనే ఉందని నాకనిపించింది.

ఆయన ఒక గడ్డ తెచ్చి చేతిలో పెట్టాడు. రసెట్ బర్బ్యాంక్ రకం. పొడుగ్గా, గోధుమ రంగు తోలుతో, తాకితే గరుగ్గా ఉంది. మేం వేసేది కుఫ్రీ జ్యోతి, అది కోలగా, తెల్లగా, పలచటి తోలు. జేబు కత్తితో కోశాడు. కోసిన చోట నీళ్లు సన్నగా చుక్కలు కట్టాయి. ఒక ముక్క పచ్చిదే కొరికాను. నీళ్లు తక్కువ, పిండి ఎక్కువ. వేపుడికి ఇదే కావాలి. తర్వాత ఒక మట్టిపెళ్ల తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. వేళ్లతో నలిపాను. రంగు మాదే. కానీ నలిగిన తీరు మాది కాదు. మా మట్టిలో గరుసు తగులుతుంది, మధ్యలో చిన్న రాళ్లు. ఇది రవ్వపిండి మాదిరి జారింది, ఒక్క రాయి లేదు. వాళ్లది ఇసుకరాయి అరిగి అయిన మట్టి, మాది నల్లరాతి గుట్టలు అరిగి అయింది. రెండింటిలోనూ ఉన్న ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాసన చూశాను. మొదటి వానకు లేచే వాసన కాదు, చలిగా, కొంచెం పుల్లగా ఉంది. పులుపుకు సున్నం చల్లుతామని ఆయనే చెప్పాడు.

పిడికెడు జేబులో వేసుకోవాలనిపించింది. "వద్దు నాయనా, మట్టి తీసుకుపోకూడదు" అంది అమ్మాయి. అమెరికాలోకి అనుమతి లేకుండా మట్టి రానివ్వరు. ఆ తెగులు కథ విన్నాక నాకూ మనసొప్పలేదు. తీసినచోటే పోసి, ఆయన బండిలోని క్యాను నీళ్లతో చేతులు, చెప్పుల అడుగులు కడుక్కున్నాను.

ఆ తర్వాత కావెండిష్ పోయాం. అక్కడ ఎర్రటి రాతి గట్లు నిలువుగా సముద్రంలోకి దిగిపోతాయి. అల వచ్చి తాకినచోట నీళ్లు కూడా ఎర్రగా కనబడతాయి. మా ఆవిడా, మనవరాలూ ఇసుకలో నడిచారు. అందరూ ఫోటోలు తీసుకునే చోటు అది, బాగుంది. నేను గట్టు పొరలు చూస్తూ కూర్చున్నాను. ఈ దీవికి మొదటివాళ్లయిన మిక్మాక్ జనం పెట్టిన పేరు ఎపెక్విట్క్ అట. నీళ్ల మీద పడుకున్నదని అర్థం చెప్పారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక మాట. ఓడ ఎప్పుడు కదిలినా, దానికి అరగంట ముందే లోపల ఉండాలి. ఆలస్యమైతే ఓడ ఆగదు. బోస్టన్‌కు, ఇక్కడికి గంట తేడా ఉంది, గడియారాన్ని ముందుకు జరుపుకోవాలి. అమ్మాయి చేను దగ్గర నుంచే టైము చూసుకుంటూ ఉంది కాబట్టి టెన్షన్ లేకుండా గంట ముందే చేరాం. టాక్సీ ఆమె రేవు గేటు దాకా వచ్చి మా ఆవిడని కౌగిలించుకుంది.

రేవు పక్క అంగడిలో ఆ దీవి మట్టితో రంగు అద్దిన చొక్కాలు అమ్ముతున్నారు. మట్టి రానివ్వకపోయినా దాని రంగు రానిస్తారు కదా, ఒకటి కొనుక్కున్నాను. క్యూబెక్ నుంచి విమానంలో బోస్టన్ వచ్చి, దీపావళికి ముందు ఊరు చేరాం.

నవంబరులో ఉర్లగడ్డ నాటే రోజు ఆ చొక్కానే వేసుకుని చేలోకి దిగాను. పొద్దు వాలేసరికి మా మట్టి ఒళ్లంతా పడింది. చొక్కా మీద మాత్రం ఎక్కడ పడిందో తెలియలేదు. పక్కనున్న టమాటా ఎకరం ఖాళీగానే ఉంది. నారు ఎప్పుడు తెస్తారని మా ఆవిడ అడిగింది. ఈసారి తేనన్నాను. రెండో రోజు దాంట్లో ఉలవలు చల్లాను.